మిలటరీ గారి వైండింగు షాపు

తాతయ్య పోయి మొన్నటికి ఏడాది. ఇన్నాళ్లూ రాద్దామనుకుంటూనే ఉన్నాను, చెయ్యి రాలేదు.

మాది తాడేపల్లిగూడెం పక్కన మాధవరం. మిలటరీ మాధవరం అంటే మా వైపు తెలియనివాళ్లుండరు, మొదటి ప్రపంచ యుద్ధానికే 90 మంది వెళ్లారని చెప్పుకునే ఊరు. తాతయ్య 1966లో మద్రాస్ శాపర్స్‌లో, అంటే సైన్యంలో వంతెనలూ రోడ్లూ వేసే ఇంజినీర్ల దళంలో చేరాడు. బెంగళూరులో ట్రైనింగు, ఎలక్ట్రీషియన్ ట్రేడు. 1971 డిసెంబరులో తూర్పు పాకిస్తాన్ వైపు ఉన్నాడు. అక్కడ ఎటు చూసినా నదులే, వెనక్కి పోతున్న పాక్ సైన్యం వంతెనలు పేల్చేసి పోతుంటే మనవాళ్లు వెంటనే కొత్తవి వేసుకుంటూ ముందుకెళ్లాలి. యుద్ధం కబుర్లు చెప్పమని మేం ఎంత సతాయించినా ఆయన చెప్పేది ఒక్కటే, బెయిలీ బ్రిడ్జి (ముక్కలుగా తెచ్చి అక్కడికక్కడే బిగించే ఇనుప వంతెన) ప్యానెలు 260 కిలోలుంటుందని, ఆరుగురు మోయాలని. "ఒకడి కాలు జారితే ఆరుగురం పోయినట్టేరా" అని ఊరుకునేవాడు.

1982లో పెన్షన్ మీద వచ్చేసి గూడెంలో మోటారు వైండింగు షాపు, అంటే కాలిపోయిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టే షాపు పెట్టాడు. పేరు రాయించలేదు, జనమే "మిలటరీ గారి షాపు" అన్నారు. మెట్ట రైతులకు బోరు మోటారే ప్రాణం. రాత్రిపూట మూడు ఫేజుల్లో ఒకటి పోతుంది, చూసుకోకపోతే తెల్లారేసరికి మోటారు కాలిపోయుంటుంది. నాట్ల టైంలో అయితే ఒక్కరోజు ఆలస్యమైనా ఆ మనిషి మొహం చూడలేం. అందుకే ఆ రోజుల్లో తాతయ్య షాపులోనే పడుకునేవాడు.

కాలిన కాయిలు కోసి తీసి, చుట్లు లెక్కపెట్టి, తీగ గేజి (మందం) చూసి పుస్తకంలో రాసుకునేవాడు. అదే మోటారు మళ్లీ వచ్చినా పాత లెక్క నమ్మేవాడు కాదు, మళ్లీ మొదటి నుంచీ లెక్కే. సెలవుల్లో నా పని కూడా అదే. నేను లెక్కపెట్టాక ఆయన లెక్కపెట్టేవాడు, రెండూ కలవకపోతే ఇద్దరం కలిసి ఇంకోసారి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే తలెత్తకుండా చెయ్యి మాత్రం ఎత్తేవాడు, ఆగమని. ఇప్పటికీ ఆ చెయ్యే కళ్ల ముందు కనిపిస్తుంది, వేళ్ల సందుల్లో వార్నిష్ మరకలతో సహా.

ఒక్క విషయం మాత్రం కడుపు మండి రాస్తున్నాను. నాయనమ్మ పేరు ఆర్మీ రికార్డుల్లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉండటంతో ఫ్యామిలీ పెన్షన్ ఏడు నెలలు ఆగిపోయింది. డెబ్బై దాటిన మనిషిని కౌంటరు చుట్టూ తిప్పారు, "నువ్వే ఆయన భార్యవని ఏంటి రుజువు" అని అడిగారు కూడా. ఆ రోజు ఇంటికొచ్చి ఆవిడ అన్నం ముట్టలేదు. మీ ఇంట్లో మాజీ సైనికులుంటే వాళ్లు ఉండగానే పీపీవోలో (పెన్షన్ మంజూరు పత్రంలో) భార్య పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి, దయచేసి.

పెద్దకర్మ అయిన మర్నాడు నేనూ చిన్నాన్నా షాపు తెరిచాం. బల్ల మీద సగం చుట్టిన మోటారు అలాగే ఉంది. దాని తాలూకు రైతు రోడ్డవతల నిలబడి ఉన్నాడు, అడగడానికి మొహమాటపడి లోపలికి రాలేదు. చిన్నాన్న ఆయన్ని పిలిచి కూర్చోబెట్టి పుస్తకం తీశాడు. చుట్ల లెక్క తాతయ్య చేత్తో స్పష్టంగా రాసి ఉంది. చిన్నాన్న అది ఒకసారి చూసి, పుస్తకం మూసి పక్కన పెట్టి, తీసేసిన పాత కాయిలు చేతిలోకి తీసుకుని ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.