గ్రీకులు, అజ్టెక్‌లు: పోలిక బలిపీఠం దగ్గర మొదలుపెట్టండి

విశాఖలో హిస్టరీ చదివేవాళ్లలో చాలామంది, ప్రాచీన గ్రీకుల మతాన్నీ, మెక్సికోలోని అజ్టెక్‌ల మతాన్నీ పోల్చమనగానే దేవుళ్లకు జతలు కడతారు. గ్రీకుల పెద్ద దేవుడు జ్యూస్ పక్కన అజ్టెక్‌ల యుద్ధ దేవుడు హుయిట్సిలోపోచ్‌ట్లి, గ్రీకుల సముద్ర దేవుడు పోసీడాన్ పక్కన అజ్టెక్‌ల ట్లాలోక్. ఆ పట్టిక నిలవదు. ట్లాలోక్ వాన దేవుడు. గ్రీకుల్లో వాన కురిపించేది జ్యూస్. అందుకే బలిపీఠం దగ్గర మొదలుపెట్టమంటాను. ఏమిచ్చారు, ఎవరు తిన్నారు, ఇవ్వకపోతే ఏమవుతుందని భయపడ్డారు?

గ్రీకు బలి అంటే విందు. బార్లీ గింజల బుట్టలో కత్తి దాచి ఊరేగింపుగా వస్తారు. పశువు తలపై నీళ్లు చల్లుతారు, అది తల ఊపితే శుభం. నుదుటి వెంట్రుకలు కొన్ని కోసి నిప్పులో వేస్తారు. గొంతు కోసేటప్పుడు ఆడవాళ్లు గట్టిగా కేక పెడతారు. తొడ ఎముకలకు కొవ్వు చుట్టి కాలుస్తారు. ఆ పొగే దేవుడి వంతు. గుండె, కాలేయం చువ్వలకు గుచ్చి కాల్చుకుంటారు, మిగతా మాంసం ఉడికించి పంచుతారు. మరి దేవుడికి ఎముకలేనా? మనుషుల పక్షాన ప్రొమీథియస్ అనే దేవత పన్నిన ఎత్తు వల్ల ఆ వాటా జ్యూస్‌కు దక్కిందని గ్రీకు కవి హెసియడ్ కథ చెప్పాడు. ఉత్తరాంధ్రలో అమ్మవారి పండక్కి వేట వేసి చుట్టాలకు వండిపెట్టడం చూసినవాళ్లకు ఈ విందు తేలిగ్గానే అర్థమవుతుంది.

అజ్టెక్‌ల దగ్గర ఆ చూపు సరిపోదు. అక్కడ బలి బాకీ తీర్చడం. అంతకుముందు నాలుగు లోకాలు నాశనమయ్యాయి, ఇది ఐదోది. తెయోతివకాన్ అనే పాత నగరంలో ఒళ్లంతా పుళ్లున్న నానావట్సిన్ అనే దేవుడు మంటలో దూకి సూర్యుడయ్యాడు. అయినా సూర్యుడు కదల్లేదు. మిగతా దేవుళ్లు ప్రాణాలిచ్చాకే కదిలాడు. దేవుళ్లే ముందు చచ్చి లోకాన్ని నిలిపారు కాబట్టి మనిషి రక్తం బాకీ పడ్డాడు. అందులో ఎక్కువ భాగం కిత్తనార ముళ్లతో చెవులు, నాలుక గుచ్చుకుని ఇచ్చిన సొంత రక్తమే. పాఠ్యపుస్తకాలు దీన్ని వదిలేసి గుండెలు పెరికిన సంగతే చెప్పడం నాకు అన్యాయమనిపిస్తుంది. యుద్ధంలో పట్టి బలిచ్చిన బందీ మాంసం విషయంలోనూ నియమం ఉంది: అతన్ని పట్టి తెచ్చిన యోధుడి చుట్టాలు తింటారు, యోధుడు ముట్టడు. బందీని కొడుకుగా భావించాడు మరి.

మూడో ప్రశ్న దగ్గర రెండు దారులూ పూర్తిగా విడిపోతాయి. గ్రీకు ఊరు బలి మానితే దేవుడికి కోపమొస్తుంది, తెగులో కరువో వస్తుంది. అజ్టెక్‌లకైతే లోకమే ఆగిపోతుంది. 260 రోజుల పంచాంగం, 365 రోజుల పంచాంగం మళ్లీ ఒకే చోట కలిసేది 18,980 రోజులకు, అంటే 52 ఏళ్లకు. ఆ రాత్రి ఊళ్లో నిప్పంతా ఆర్పేస్తారు, పాత కుండలు పగలగొడతారు, గర్భిణులను గాదెల్లో పెట్టి తలుపు మూస్తారు. పూజారులు కొండెక్కి కృత్తికలు నడినెత్తి దాటుతాయా లేదా అని చూస్తారు. దాటితే బందీ ఛాతీ మీద కొత్త నిప్పు రాజేసి, దివిటీలతో ఇంటింటికీ పంపుతారు. ఆఖరిసారి ఇది 1507లో జరిగింది.

చావు తర్వాతి సంగతికొస్తే, గ్రీకుల్లో దాదాపు అందరిదీ హేడీస్ అనే పాతాళ లోకం దారే. ఎల్యూసిస్ ఊళ్లో రహస్య దీక్ష తీసుకున్నవారికి కాస్త మంచి ఆశ. అజ్టెక్‌లకు ఎలా బతికారన్నదానికన్నా ఎలా పోయారన్నదే ముఖ్యం. నీట మునిగినవారు ట్లాలోక్ దగ్గరికి, యుద్ధంలో పోయినవారూ కాన్పులో పోయిన తల్లులూ సూర్యుడి వెంట, మామూలుగా పోయినవారు నాలుగేళ్లు నడిచి చచ్చినవారి లోకం మిక్ట్లాన్‌కు.

అంకెల దగ్గర మాత్రం జాగ్రత్త. గ్రీకుల గురించి గ్రీకులే రాసుకున్నారు. అజ్టెక్‌ల గురించి మనకున్న రాతల్లో ఎక్కువ భాగం 1521లో వాళ్ల రాజధాని టెనోచ్టిట్లాన్ (ఇప్పటి మెక్సికో సిటీ) స్పెయిన్‌వాళ్ల చేతిలో పడిపోయాక వచ్చినవి. 1487లో అక్కడి పెద్ద గుడి ప్రతిష్ఠకు 80,400 మందిని బలిచ్చారని ఒక లెక్క ఉంది. నాలుగు రోజులు రాత్రింబవళ్లు ఆపకుండా చేసినా నిమిషానికి 14 మంది అవుతారు. అది జరిగే పని కాదు. బలి లేదనడానికీ వీల్లేదు: 2015 నుంచి మెక్సికో సిటీలో ఆ గుడి దగ్గర తవ్విన కపాల గోపురంలో 600కు పైగా పుర్రెలు బయటపడ్డాయి, వాటిలో ఆడవాళ్లవీ పిల్లలవీ కూడా ఉన్నాయి.