తాళం వేసిన ఇల్లు కూడా శాంపిల్లో భాగమే

కళ్యాణదుర్గం, కదిరి వైపు పల్లెల్లో వలసల మీద సర్వే చేయబోయే విద్యార్థులు ముందుగా అడిగేది ‘ఎంతమందిని తీసుకోవాలి?’ అని. దాంతో పాటే 384 అనే అంకె చెప్తారు. 95 శాతం నమ్మకంతో, అటూ ఇటూ 5 శాతం తేడాకు లెక్క వేస్తే వచ్చేది అదే. కాకపోతే అది జిల్లా అంతటి ఇళ్ల నుంచి చీటీలు తీసినట్టు ఎంచుకుంటేనే చెల్లుతుంది. మనం ముందు ఊళ్లను ఎంచి, ఊరికి 20 ఇళ్లు తీసుకుంటాం. ఒకే ఊరివాళ్ల బతుకులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి: అదే వాన, అదే శెనక్కాయ పంట, బెంగళూరుకు అదే మేస్త్రీ. ఆ పోలికను 0 నుంచి 1 దాకా కొలిస్తే 0.05 ఉన్నా డిజైన్ ఎఫెక్ట్ (ఊళ్ల వారీగా ఎంచినందుకు శాంపిల్‌ను ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే అంకె) 1.95 అవుతుంది, 384 కాస్తా 749 దాకా పోతుంది. ఊరికి 12 ఇళ్లే తీసుకుంటే 595 చాలు, కానీ 50 ఊళ్లు తిరగాలి. ఖర్చు భరించగలిగితే నేను రెండోదే చేయమంటాను.

ఊళ్లను ఇళ్ల సంఖ్యకు తగ్గ అవకాశంతో ఎంచుకోవాలి. చేతిలో ఉన్నది 2011 జనగణన. అందులో అనంతపురం అంటే 63 మండలాల పాత జిల్లా. 2022 ఏప్రిల్‌లో కదిరి వైపంతా శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. మండలాల జాబితా సరిచూసుకోకుండా మొదలుపెట్టకండి.

అసలు పని ఊళ్లోకి దిగాకే. బియ్యం కార్డుల జాబితా తీసుకుంటే కొత్తగా వేరు కాపురం పెట్టినవాళ్లు తప్పిపోవచ్చు. కార్డు లేనివాళ్లు ఎటూ ఉండరు. ఓటర్ల జాబితాలో ఎప్పుడో ఊరు వదిలినవాళ్ల పేర్లూ మిగిలి ఉంటాయి. అందుకే ఒక పూట కేటాయించి ఇల్లిల్లూ తిరిగి సొంతంగా రాసుకోవాలి. రచ్చకట్ట దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేస్తే ఊరవతలి ఎస్సీ కాలనీ, పొలాల మధ్య కొట్టాలు, మజరా తండా మిగిలిపోతాయి. ఊరి పటం గీసి, చివరి ఇంటిదాకా నంబరు వేయాలి.

214 ఇళ్లు తేలాయనుకోండి. ఊరికి 20 ఇళ్ల లెక్కనే చూస్తే, 214ను 20తో భాగిస్తే 10.7, అంటే ప్రతి 10.7 ఇళ్లకు ఒకటి. దీన్ని 10 చేస్తే జాబితా చివరి ఇళ్లకు అవకాశమే రాకుండా పోతుంది, చివర రాసింది కాలనీయే అయితే నష్టం వాళ్లకే. 0కీ 10.7కీ మధ్య లాటరీలో 4.3 వచ్చిందంటే 4.3, 15.0, 25.7, 36.4 ఇలా కూడుతూ పోయి, పైకి సవరించాలి: 5, 15, 26, 37వ ఇళ్లు. ఆ 214ను మాత్రం ఫారం మీద రాసిపెట్టాలి. అది లేకపోతే తర్వాత వెయిట్లు, అంటే ఎంచిన ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్లకు ప్రతినిధో చెప్పే లెక్క, కట్టలేం.

ఇక తాళాలు. 15వ ఇంటికి తాళం ఉంటే 16వ ఇంటికి పోవడం నాకు ఏమాత్రం ఒప్పుకోలేని పని. పక్కింట్లో తలుపు తీసేది ఎక్కువగా ఊళ్లోనే బతుకు గడిచేవాళ్లు. తాళం వేసి వెళ్లినవాళ్లే మన ప్రశ్నకు జవాబు! పొద్దున, సాయంత్రం, మరో రోజు కలిపి మూడుసార్లు వెళ్లండి. పక్కవాళ్లను అడిగి ‘కూలికి పోయారు’, ‘వలస పోయారు’, ‘ఎవరూ ఉండరు’ అని విడివిడిగా రాయండి. వలస పోయినవాళ్ల ఫోన్ నంబరు బంధువుల దగ్గర దొరుకుతుంది. పండక్కి ఊరొచ్చే రోజుల్లో మళ్లీ వెళ్లేందుకు బడ్జెట్లో ముందే డబ్బు ఉంచుకోవాలి.

ఇంట్లో ఎవరిని అడగాలన్నదీ ఎదురొచ్చినవాళ్లను బట్టి తేల్చకూడదు. ముందు ఎవరి పుట్టినరోజు వస్తే వాళ్లను తీసుకోమనే పద్ధతి తేదీలు గుర్తులేని పెద్దవాళ్ల దగ్గర పనిచేయదు. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లందరినీ వయసు వరసలో రాసి, అంకెల పట్టిక నుంచి ఒకరిని తీయండి. కోడలి పేరు వచ్చి, అత్త ‘నేను చెప్తాలే నాయనా’ అన్నా, కోడలు పొలం నుంచి వచ్చేదాకా ఆగాల్సిందే.