తీసుకెళ్లిపొమ్మన్నారు

శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం వెళ్లే బస్సులో ఇరవై ఆరేళ్లు కండక్టరుగా చేశాను. ఎచ్చెర్ల, చిలకపాలెం, రణస్థలం, పైడిభీమవరం, తగరపువలస అని రోజంతా అరిచిన గొంతు నాది. రెండేళ్ల కిందట శ్రావణమాసంలో ఒక పొద్దున్న డ్యూటీకి తయారవుతూ చొక్కా బొత్తాలు పెట్టుకుంటుంటే కుడిచెయ్యి కిందికి జారిపోయింది. ‘ఏటండీ, ఏటైంది?’ అని మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. జవాబు నా తలలో ఉంది, నోట్లోకి రాలేదు.

ముందు దగ్గర్లో వైద్యం చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లారు. నీరసం అని గ్లూకోజు ఎక్కించాడు. అక్కడే మూడు గంటలు పోయాయి. మెదడులో రక్తం గడ్డ కడితే దాన్ని కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపు పడాలి. మేం పెద్దాసుపత్రికి చేరేసరికి ఆ టైము దాటిపోయింది. ఆయన మీద కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఇంకెక్కడా ఆగకండి. 108కి ఫోన్ చేసి, స్కానింగ్ ఉన్న ఆసుపత్రికే పొండి.

స్కానింగులు, సెలైన్లు అందరికీ తెలిసినవే. ఎడమవైపు మెదడు దెబ్బతింది కాబట్టి కుడి చెయ్యీ కాలూ, వాటితో పాటు మాటా పోయాయి. ఈ మాట పోవడాన్ని అఫేసియా అంటారు. బుద్ధి పోదు. మనుషులు గుర్తుంటారు, బాకీలు గుర్తుంటాయి. మాటలు కూర్చుకోవడం, ఎదుటివాళ్ల పొడుగు మాటలు విప్పుకోవడం కష్టమవుతుంది.

మూడో రాత్రి సంగతి చెప్పాలి. వార్డు తలుపు బయట మా బావమరిది ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ‘పక్షవాతమట. మాట రావడానికి చాలా కాలం పడుతుందట. ఎల్లుండి ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు.’ అతను అన్నది ఇదీ అని నాకు తర్వాత తెలిసింది. ఆ రాత్రి నాకు అందింది రెండు ముక్కలే: ఇంటికి, తీసుకెళ్లిపొమ్మన్నారు. ‘ఎల్లుండి’ ఎక్కడో జారిపోయింది. మా వైపు పల్లెల్లో ఆసుపత్రివాళ్లు ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారంటే దానికి ఒకటే అర్థం. మా నాన్నను అలాగే తెచ్చాం, తెల్లారేసరికి పోయాడు.

ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, ఎవరిని తీసుకెళ్లమన్నారు అనేవన్నీ ఆ ఒక్క మాటలోనే మడతపెట్టి ఉన్నాయి. ఆ మడత విప్పే శక్తి నాకు లేదు. అడుగుదామంటే నోరు లేదు. ఎడమచేత్తో మంచం కమ్మీ పట్టుకుని, అమ్మాయి పెళ్లి చూడకుండానే పోతున్నానని రాత్రి రెండు దాటేదాకా ఏడ్చాను. నైట్ డ్యూటీ నర్సమ్మ చూసింది. నొప్పేమో అనుకుని ఊరుకోలేదు. వరండాలో పడుకున్న మా ఆవిడను లేపి తీసుకొచ్చింది. ఆ తల్లి పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.

మా ఆవిడ చదివింది ఐదో తరగతి. ఏ కబురు చెప్పినా ఎవరి మాట వాళ్ల గొంతుతో చెప్పడం ఆమె అలవాటు. నా గుండె మీద చెయ్యేసి, ‘కళ్లద్దాల డాక్టరు లేడూ? సాయంత్రం ఇలా నిలబడ్డాడు’ అని, ఆయనలాగే నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. గొంతు లావు చేసి, ‘అమ్మా, గండం గడిచింది. ఎల్లుండి ఇంటికి పోవచ్చు. నడుస్తాడు’ అంది. ప్రతి ముక్కా అర్థమైంది. అప్పుడు నిద్రపోయాను.

ఇదే సంగతిని తర్వాత విశాఖలో స్పీచ్ థెరపీ మేడం వివరంగా చెప్పారు. 1861లో బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు పరీక్షించిన రోగి ఏమడిగినా ‘టాన్’ అని మాత్రమే అనేవాడట. నా స్థితి అంతకన్నా నయమని ధైర్యం చెప్పారు. ఊళ్ల పేర్లు మొదలుపెట్టమంటే ఎచ్చెర్ల నుంచి తగరపువలస దాకా గడగడా వచ్చేశాయి. భార్య పేరు మాత్రం రాలేదు. అలవాటుగా వరసలో వచ్చే మాటలు ఇలాగే మిగులుతాయట. నెదర్లాండ్స్‌లో పరిశోధకులు గమనించింది కూడా చెప్పారు. అఫేసియా ఉన్నవాళ్లు కబురు చెప్పేటప్పుడు ఎదుటివాళ్ల మాటను ఉన్నదున్నట్టు అనేస్తారు, అలా చెబితే వాళ్లకూ తేలిగ్గా అర్థమవుతుంది అని. మా ఆవిడ ఆ పని ఎవరూ చెప్పకుండానే చేసింది.

నేనూ అలాగే మాట్లాడేవాణ్ని. దాంతో చిక్కులూ వచ్చాయి. ఒకరోజు హైదరాబాదు నుంచి అబ్బాయి ఫోన్ చేసి పండక్కి రాలేనన్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి రాగానే ‘రాలేను’ అన్నాను. నేను ఎక్సర్‌సైజుకు రానంటున్నానని ఆమె గొడవపెట్టుకుంది. ‘అన్నాడు’ అనే చిన్న తోక తగిలించలేక చెమటలు పట్టాయి. మేడం దీనికో మార్గం చెప్పారు. ముందు ఇంట్లోవాళ్ల ఫొటోల్లో మనిషిని చూపించాలి, తర్వాత అతని మాట అనాలి. అబ్బాయి ఫొటో మీద వేలు పెట్టి ‘రాలేను’ అంటే ఇక గొడవ లేదు.

నన్ను చూడ్డానికొచ్చిన చుట్టం ఒకాయన నా ముందే, ‘ఈయనకేం తెలుస్తాదమ్మా, నువ్వు చెప్పు’ అన్నాడు. తెలిసింది. ఆ మాట ఆ రోజే మొత్తం తెలిసింది. రోగి మంచం పక్కన నిలబడి ‘అట, అన్నారట’ అని గుసగుసలాడకండి. డాక్టరు ఏమన్నాడో ఆ మాటలే, అతని కళ్లలోకి చూసి, చిన్న చిన్న ముక్కలుగా చెప్పండి.

బావమరిది మీద ఆర్నెల్లు ముఖం ముడుచుకునే ఉన్నాను. ప్రతి గురువారం పని మానుకుని నన్ను విశాఖ తీసుకెళ్లి తీసుకొచ్చిందీ అతనే. కోపం ఎప్పుడు పోయిందో చెప్పలేను. మా ఆవిడ అరసవల్లి సూర్యనారాయణ స్వామికి మొక్కుకుంది. రథసప్తమి రద్దీ తగ్గాక ఒక ఆదివారం వెళ్లి తీర్చుకున్నాం. ఆ స్వామి దయ నాకుంది, నేను నమ్ముతాను.

కిందటి నెల బావమరిది ఫోన్ చేశాడు. పెట్టేశాక ఫొటోల కోసం చూడలేదు. ‘నీ తమ్ముడు రేపు వస్తానన్నాడు’ అన్నాను. మా ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. కాసేపటికి, ‘అయితే వచ్చేటప్పుడు అరటికాయలు తెమ్మని చెప్పండి’ అంది. తనే ఫోన్ చెయ్యొచ్చు. చెయ్యలేదు.

నంబరు నొక్కాను. అటునుంచి ‘బావా?’ అన్నాడు.

‘మీ అప్ప,’ అని ఆగి, ఊపిరి తీసుకుని, ‘అరటికాయలు తెమ్మంది’ అన్నాను.