ఏడో వారం ఖాళీ, పద్నాలుగో వారం గండం

సెప్టెంబరు 2, 2024, సోమవారం. అర్వింగ్, టెక్సస్.

లేబర్ డే సెలవు కావడంతో ఉదయం కాఫీ తాగినప్పటి నుంచి మధ్యాహ్న భోజనం దాకా, నిన్న రాత్రి ఫాంటసీ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌లో నేను ఎంచుకున్న జట్టునే పరిశీలిస్తూ కూర్చున్నాను. అమెరికన్ ఫుట్‌బాల్ పోటీ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుని (దాన్నే డ్రాఫ్ట్ అంటారు) ఎవరి జట్టు వాళ్లు కట్టుకుంటే, మైదానంలో వాళ్లు ఆడినదాన్ని బట్టి మాకు పాయింట్లు వచ్చే ఆట ఇది. డ్రాఫ్ట్ ముగిసిన మరుక్షణమే యాప్ ప్రతి జట్టుకూ ఒక గ్రేడు ఇస్తుంది. నా జట్టుకు బి మైనస్ ఇచ్చి, మావారి జట్టుకు ఎ ఇచ్చింది. ఆయన ఆ సంగతిని రాత్రే రెండుసార్లు గుర్తు చేశారు. ఒక్కొక్క ఆటగాడు సీజన్ మొత్తంలో తెస్తాడని అంచనా వేసిన పాయింట్లను కూడి, మిగిలిన జట్లతో పోల్చి ఇచ్చే గ్రేడు అది. మా లీగ్‌లో మాత్రం ప్రతి వారం ఒక జట్టుతో ముఖాముఖి తలపడాలి. అలా 14 వారాలు గడిచాక పన్నెండు జట్లలో ఆరే ప్లేఆఫ్స్‌కు (చివరి నాకౌట్ పోటీలకు) వెళ్తాయి. కాబట్టి జట్టు బలాన్ని వారం వారంగా చూడాలన్నది నా అభిప్రాయం, ఈ రోజు చేసిన పని కూడా అదే.

డ్రాఫ్ట్‌లో నాకు మూడో స్థానం వచ్చింది. స్నేక్ డ్రాఫ్ట్‌లో మొదటి రౌండు ఒకటి నుంచి పన్నెండు వరకు నడిచి, రెండో రౌండు పన్నెండు నుంచి వెనక్కి వస్తుంది. అందువల్ల మూడో ఎంపిక తర్వాత మళ్లీ 22వ ఎంపిక దాకా వేచి ఉండి, ఈలోగా పద్దెనిమిది మంది మంచి ఆటగాళ్లు ఇతరుల జట్లలోకి వెళ్లిపోవడం చూడాలి. శాన్‌ఫ్రాన్సిస్కో రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) క్రిస్టియన్ మెకాఫ్రీ, మయామీ రిసీవర్ (విసిరిన బంతిని పట్టేవాడు) టైరీక్ హిల్ మొదటి రెండు ఎంపికల్లో పోగా, నేను క్షణం ఆలోచించకుండా మా డల్లాస్ కౌబాయ్స్ రిసీవర్ సీడీ ల్యాంబ్‌ను తీసుకున్నాను. జీతం ఒప్పందం తేలక ట్రైనింగ్ క్యాంపు మొత్తానికి దూరంగా ఉన్న ల్యాంబ్, కిందటి సోమవారం నాడు నాలుగేళ్లకు 13.6 కోట్ల డాలర్ల ఒప్పందంపై సంతకం చేశాడు. ఆ వార్త రాకపోయి ఉంటే మూడో స్థానంలో అతణ్ని తీసుకోవడానికి నేనూ కాస్త వెనుకాడేదాన్ని. 2023లో 135 క్యాచ్‌లతో లీగ్ మొత్తానికీ మొదటివాడుగా నిలిచి, 1,749 యార్డులు, 12 టచ్‌డౌన్లు (బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటించడం) సాధించాడు. మా లీగ్‌లో క్యాచ్‌కు ఒక పాయింటు, పది యార్డులకు ఒక పాయింటు, టచ్‌డౌన్‌కు ఆరు కాబట్టి, ఆ మూడూ కలిపితే లెక్క 380 పాయింట్లు దాటుతుంది. అంటే వారానికి ఇరవై రెండుకు పైగా. ఈ జట్టుకు వెన్నెముక అతడే.

రెండో రౌండులో తీసుకున్న డెరిక్ హెన్రీ గురించే ఎక్కువ సేపు ఆలోచించాను. కిందటి ఏడాది టెనసీకి ఆడుతూ 280 సార్లు బంతి పట్టుకుని పరుగెత్తి 1,167 యార్డులు, 12 టచ్‌డౌన్లు సాధించిన అతడు, ఈ ఏడాది బాల్టిమోర్ రేవెన్స్‌కు మారాడు. గత సీజన్‌లో ఎంవీపీగా (అత్యుత్తమ ఆటగాడిగా) ఎంపికైన లమార్ జాక్సన్ క్వార్టర్‌బ్యాక్‌గా (బంతిని విసిరి ఆట నడిపేవాడిగా) ఉన్న జట్టు అది. ఎదుటి డిఫెన్స్ జాక్సన్ తానే పరుగెత్తుతాడేమోనని ఒక కన్ను అతడి మీద ఉంచక తప్పదు కాబట్టి, హెన్రీకి టెనసీలో దొరకనంత ఖాళీ ఇక్కడ దొరుకుతుందని నా నమ్మకం. అయితే అతడికి జనవరిలో ముప్పై నిండాయి, రన్నింగ్ బ్యాక్‌లు ఆ వయసులో జోరు తగ్గడం అందరూ ఎరిగినదే. పైగా కిందటి సీజన్ మొత్తంలో అతడు పట్టిన క్యాచ్‌లు 28 మాత్రమే. క్యాచ్‌కు పాయింటు ఇచ్చే లీగ్‌లో అది లోటే. రేవెన్స్ వెనుకబడి బంతిని గాలిలోకి విసరవలసి వచ్చిన వారాల్లో హెన్రీ నాకు చాలా తక్కువ పాయింట్లు తెస్తాడన్నది తెలిసే తీసుకున్నాను, ఎందుకంటే ఆ జట్టు తరచుగా వెనుకబడే జట్టు కాదు.

మూడో రౌండులో గాల్వెస్టన్‌లో పుట్టి టెక్సస్ ఎ అండ్ ఎంలో చదివిన టాంపా బే రిసీవర్ మైక్ ఎవన్స్ దొరికాడు. 2014లో మొదలుపెట్టి వరసగా పది సీజన్లు వెయ్యి యార్డులు దాటిన మనిషి. అలాంటివాడు 27వ ఎంపిక దాకా మిగిలి ఉండడం నాకిప్పటికీ ఆశ్చర్యమే. నాలుగు, ఐదు రౌండ్లలో ఫిలడెల్ఫియా రిసీవర్ డెవాంటా స్మిత్, డెట్రాయిట్ రన్నింగ్ బ్యాక్ డేవిడ్ మాంట్‌గోమరీ వచ్చారు. ఆ తర్వాత టైట్ ఎండ్ (ఎదుటివాళ్లను అడ్డుకుంటూ బంతిని కూడా పట్టేవాడు) జార్జ్ కిటిల్, ఏడో రౌండులో కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్. టైట్ ఎండ్‌లలో గట్టివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే, కానీ క్వార్టర్‌బ్యాక్‌లలో మొదటివాడికీ పన్నెండోవాడికీ ఉన్న తేడా అంత పెద్దది కాదు. అందుకే కిటిల్ తర్వాతే ప్రెస్కాట్‌ను తీసుకున్నాను. కిందటి ఏడాది 36 టచ్‌డౌన్ పాస్‌లతో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచినవాడు ఏడో రౌండులో దొరకడం నాకు పెద్ద లాభం. ప్రెస్కాట్ విసిరి ల్యాంబ్ పట్టుకున్న ప్రతి టచ్‌డౌన్‌కూ నాకు రెండు వైపుల నుంచీ పాయింట్లు వస్తాయి.

కౌబాయ్స్ కిక్కర్ బ్రాండన్ ఆబ్రీని కూడా తీసుకోవడంతో నా తొమ్మిది మంది తుది జట్టులో ముగ్గురు ఒకే టీమ్ వాళ్లయ్యారు. ఆబ్రీ విషయంలో ఇష్టమే ముందు పనిచేసిందని చెప్పాలి. సాకర్ ఆడి, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా ఉద్యోగం చేసి, చివరికి ఎన్‌ఎఫ్‌ఎల్‌కు చేరి, తొలి సీజన్‌లోనే వరసగా 35 ఫీల్డ్ గోల్స్ (బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నడం) కొట్టినవాడంటే, రోజంతా కోడ్ రాసే నాలాంటిదానికి అభిమానం ఉండదా? ఆ అభిమానానికి లెక్క కూడా తోడుంది. 50 యార్డులు, అంతకు పైబడిన దూరం నుంచి కిందటి ఏడాది పది ప్రయత్నించి పదీ కొట్టాడు. మా లీగ్‌లో అంత దూరపు గోల్‌కు ఐదు పాయింట్లు.

ముగ్గురు కౌబాయ్స్ ఉండడంతో యాప్ ఎర్ర అక్షరాలతో చూపిస్తున్న లోపం, కౌబాయ్స్‌కు ఆట లేని ఏడో వారం (ప్రతి టీమ్‌కూ సీజన్‌లో ఒక వారం విరామం ఉంటుంది). ఆ వారం ప్రెస్కాట్, ల్యాంబ్, ఆబ్రీ ముగ్గురూ ఉండరు. బెంచ్ మీద ఉన్న షికాగో కొత్త రిసీవర్ రోమ్ ఒడుంజేకు కూడా అదే వారం విరామం. దీన్ని నేను లోపంగా చూడను. సెలవులు ఐదారు వారాలకు విడివిడిగా చెదిరితే ప్రతి వారమూ ఒక కాలు కుంటుతూ ఆడాలి, ఒకే వారంలో పడితే ఆ ఒక్క వారాన్ని వదులుకుని మిగిలినవి నిండు బలంతో ఆడవచ్చు. నా బెంచ్ మీద వాషింగ్టన్ కొత్త క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్ ఉన్నాడు కాబట్టి ఆ వారం కూడా పూర్తిగా చేతులెత్తేయనక్కర లేదు.

నన్ను నిజంగా కలవరపెడుతున్నది పద్నాలుగో వారం. రేవెన్స్‌కు ఆ వారం ఆట లేదు. మా లీగ్‌లో ప్లేఆఫ్స్‌కు ముందు చివరి వారం అదే. ఐదో, ఆరో స్థానం కోసం పోటీ పడుతూ ఆ వారానికి చేరితే, హెన్రీ లేకుండా గెలవాలి. అతడి జట్టులోనే రెండో రన్నింగ్ బ్యాక్ అయిన జస్టిస్ హిల్‌ను తీసుకున్నాను గానీ, హెన్రీ గాయపడితే అక్కరకు వస్తాడే తప్ప ఆ వారం అతడికీ విరామమే. ఐదో వారంలో స్మిత్, మాంట్‌గోమరీ, బెంచ్ మీది చార్జర్స్ కుర్రాడు ల్యాడ్ మెకాంకీ ఒకేసారి ఉండరు. వీటన్నిటినీ కాగితం మీద వరసగా రాసుకుంటే తేలింది ఒక్కటే. రిసీవర్లు నాకు సరిపడా ఉన్నారు, నమ్ముకోదగ్గ మూడో రన్నింగ్ బ్యాక్ లేడు. పిట్స్‌బర్గ్ జేలెన్ వారెన్ ఉన్నా, నజీ హారిస్‌తో పని పంచుకోవలసినవాడిని నమ్ముకుని పద్నాలుగో వారంలో దిగలేను.

మధ్యాహ్నం అన్నాలు తింటుండగా మావారు బేరం పెట్టారు. ఆయన దగ్గర డెట్రాయిట్ మరో రన్నింగ్ బ్యాక్ జమీర్ గిబ్స్ ఉన్నాడు. కిందటి ఏడాది గిబ్స్, మాంట్‌గోమరీ ఇద్దరూ ఒకే జట్టులో కలిసి 23 రన్నింగ్ టచ్‌డౌన్లు చేశారు కాబట్టి ఆ ఇద్దరినీ తన దగ్గరే ఉంచుకోవాలని ఆయన ఆశ. “మాంట్‌గోమరీని నాకిచ్చెయ్యరాదూ, రికో డౌడల్‌ను తీసుకో, నీ కౌబాయ్స్ వాడేగా” అన్నారు. కౌబాయ్స్ మీద ప్రేమ ఎంత ఉన్నా, కిందటి ఏడాది దాకా ఉన్న రన్నింగ్ బ్యాక్ టోనీ పొలార్డ్ వెళ్లిపోయాక ఆ జట్టులో బంతి డౌడల్‌కు ఎంత ఇస్తారో, తిరిగొచ్చిన ఎజికియెల్ ఎలియట్‌కు ఎంత ఇస్తారో ఇంకా తేలలేదు. నిన్న ఆ ఇద్దరినీ కావాలనే వదిలేశాను. “మీకు కుదిరినా నాకు కుదరదండీ” అని చెప్పేశాను. ఒకే ఇంటి వాళ్ల మధ్య మార్పిడి జరిగితే మిగిలిన పదిమందీ ఓటు వేసి ఒప్పుకోవాలన్న నియమం ఎలాగూ ఉంది.

సాయంత్రం విజయవాడ నుంచి ఫోన్ చేసిన తమ్ముడు, తెల్లవారకముందే నిద్రలేచి ఉన్నాడు పాపం, “అక్కా, క్రికెట్ ఫాంటసీలాగే కదా, మళ్లీ మ్యాచ్‌కు వేరే టీమ్ పెట్టుకోవచ్చుగా, ఇంత లెక్కలెందుకు?” అని అడిగాడు. వాడు చెప్పే ఆటలో ఒకే బ్యాటర్‌ను లక్షలమంది తమ జట్టులో పెట్టుకోవచ్చు, ఆట అయ్యాక ఆ జట్టు చెరిగిపోతుంది. మా దాంట్లో ల్యాంబ్ నా జట్టులో ఉంటే మిగతా పదకొండు జట్లలో ఎవరికీ ఉండడు, సీజన్ పొడవునా నాతోనే ఉంటాడు. 1962లో ఓక్లండ్ రైడర్స్ భాగస్వామి బిల్ వింకెన్‌బాక్ తన స్నేహితులతో కలిసి ఈ ఆటను రూపొందించి, మరుసటి ఏడాది తన ఇంట్లో మొదటి డ్రాఫ్ట్ జరిపినప్పటి నుంచీ ఆ పద్ధతి మారలేదు. ఒక ఆటగాడిని నాలుగు నెలలు కనిపెట్టుకుని ఉండడం, అతడి మోకాలు, అతడి కోచ్, అతడికి ఏ వారం విరామమో తెలుసుకుని ఉండడం నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన భాగమని వాడికి చెప్పాను.

రాత్రి మొదటి వారం జట్టును ఖాయం చేశాను. డిఫెన్స్‌గా (ఒక టీమ్ రక్షణ దళమంతా కలిసి ఒకే ఎంపిక) సియాటిల్‌ను చివరి రౌండులో తీసుకోవడానికి కారణం, ఆదివారం వాళ్ల సొంత స్టేడియం హోరులో డెన్వర్ తరఫున కొత్త క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్ తొలి ఆట ఆడబోతున్నాడు. రెండో వారానికి వేరే డిఫెన్స్‌ను చూసుకుంటాను. హెన్రీ గురువారం రాత్రే కాన్సస్ సిటీలో ఆడతాడు కాబట్టి, అతణ్ని ఫ్లెక్స్ స్థానంలో (రన్నింగ్ బ్యాక్‌నైనా రిసీవరునైనా పెట్టుకోగల చోటు) కాకుండా రన్నింగ్ బ్యాక్ స్థానంలోనే ఉంచి, ఆదివారం ఎవరైనా చివరి నిమిషంలో ఆడలేకపోతే రిసీవరునైనా దించగలిగేలా ఫ్లెక్స్‌ను డెవాంటా స్మిత్‌కు ఇచ్చాను. స్మిత్ శుక్రవారమే బ్రెజిల్‌లో ఆడతాడని ఆ తర్వాత గుర్తొచ్చి, అతణ్ని రిసీవర్ స్థానంలోకి జరిపి ఫ్లెక్స్‌లో మైక్ ఎవన్స్‌ను పెట్టాను. మూడో రన్నింగ్ బ్యాక్ కోసం డేనియల్స్‌ను మార్పిడికి పెట్టాలా వద్దా అన్నది అతడి మొదటి రెండు ఆటలు చూశాక తేలుస్తాను.