ముందు నీళ్లు, తర్వాతే మెషిన్: కార్పెట్ క్లీనింగ్ సెటప్ ఎంచుకోవడంలో నా అనుభవం

వేరేవాళ్ల దగ్గర పనిచేసినన్నాళ్లూ మెషిన్ గురించి ఆలోచించాల్సిన పని లేకపోయింది. ఏది చేతికిస్తే దానితో కార్పెట్లు కడిగాను. సొంతంగా మొదలుపెడదాం అనుకున్నప్పటి నుంచి మాత్రం ఒకటే టెన్షన్. గదిలోకి తోసుకెళ్లే పోర్టబుల్ కొనాలా, వ్యాన్‌లోనే బిగించే ట్రక్‌మౌంట్ కొనాలా? ఎవరిని కదిపినా వ్యాక్యూమ్ మోటార్లు ఎన్ని, పంపు ప్రెషర్ ఎంత అన్న మాటలే. నీళ్ల ఊసు ఎత్తినవాళ్లు తక్కువ. చివరికి నేను ఒక నిర్ణయానికి రాగలిగింది మాత్రం నీళ్ల లెక్క వల్లే. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం.

నేను చేసే పనిలో ఎక్కువ భాగం హాట్ వాటర్ ఎక్స్‌ట్రాక్షన్. ముందు పొడి దుమ్ము లాగేసి, ప్రీ-స్ప్రే (మురికిని వదులు చేసే మందు) కొట్టి, ఓ పది నిమిషాలు నాననిచ్చి, తర్వాత వాండ్‌తో, అంటే చేత్తో పట్టుకుని కార్పెట్ మీద లాగే పొడవాటి గొట్టంతో, వేడి నీళ్లు చిమ్ముతూ వెంటనే వెనక్కి లాగేయడం. అంటే మెషిన్ చేయాల్సినవి మూడు పనులు: నీళ్లు తోయడం, వేడి చేయడం, తిరిగి లాగడం. తోయడం పెద్ద విషయం కాదు, దాదాపు ఏ పంపయినా చేస్తుంది. చిక్కంతా మిగతా రెండింటితోనే.

వాండ్ చివరన నీళ్లు చిమ్మే జెట్ మీద 8002 లాంటి నంబర్ ఉంటుంది. 80 అంటే నీళ్లు విచ్చుకునే కోణం. 02 అంటే 40 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) దగ్గర నిమిషానికి 0.2 గ్యాలన్లు, అంటే సుమారు ముప్పావు లీటరు. ప్రెషర్ నాలుగు రెట్లు పెంచితే నీళ్లు రెండు రెట్లే పెరుగుతాయి. అలాంటి జెట్లు రెండున్న వాండ్‌ని 160 పీఎస్‌ఐ దగ్గర నడిపితే, ట్రిగ్గర్ నొక్కి ఉంచినంతసేపూ నిమిషానికి 3 లీటర్లు పోతాయి. 45 లీటర్ల ట్యాంకు 15 నిమిషాల్లో ఖాళీ.

ఇప్పుడు వేడి సంగతి. ఆ 3 లీటర్లనూ 40 డిగ్రీలు పెంచాలంటే 8 కిలోవాట్ల పైనే కరెంటు కావాలి. మామూలు ప్లగ్గుతో నడిచే పోర్టబుల్‌లో 2 కిలోవాట్ల హీటర్ ఉందనుకుందాం. ఆపకుండా నీళ్లు పోతుంటే అది 10 డిగ్రీలు కూడా పెంచలేదు. ట్రిగ్గర్ మధ్యమధ్యలో వదులుతాం కాబట్టి కాస్త కోలుకుంటుంది, అంతే. ట్రక్‌మౌంట్‌కి ఈ ఇబ్బంది లేదు, ఇంజిన్ సెగనే వాడుకుంటుంది. ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాక, హీటర్ చూసి పోర్టబుల్ కొనకూడదని తేలిపోయింది. పోర్టబుల్ కొంటే వేడి నీళ్లు మనమే పోయాలి.

మరి ట్రక్‌మౌంట్ ఎందుకు తీసుకోలేదంటే, నాకు వచ్చే పనులు ఎక్కువగా పై అంతస్తుల్లో ఉంటాయి. హోస్ పొడవు పెరిగేకొద్దీ పీల్చే బలం పడిపోతుంది, నీళ్ల వేడీ దారిలోనే తగ్గుతుంది. పైగా వ్యాన్ బిల్డింగ్ దగ్గరగా ఆగాలి, హోస్ కోసం తలుపు తెరిచే ఉంచాలి. కింది అంతస్తులో పెద్ద పెద్ద హాళ్లు చేసేవాళ్లు కళ్లు మూసుకుని ట్రక్‌మౌంట్ తీసుకోవచ్చు. దానికి పోర్టబుల్ సాటి రాదు.

పోర్టబుల్స్ చూడ్డానికి వెళ్లినప్పుడు మోటార్ల లెక్క పక్కన పెట్టి నేను అడిగింది ఒక్కటే. ఒకే కార్పెట్, ఒకే వాండ్, కొలిచి పోసిన నీళ్లు. పని అయ్యాక, వెనక్కి లాగిన మురికి నీళ్లు చేరే రికవరీ ట్యాంకులోకి ఎన్ని వచ్చాయో కొలవనివ్వండి అన్నాను. 20 లీటర్లు పోస్తే 17 వెనక్కి వచ్చాయనుకోండి, మిగతా మూడూ దాదాపుగా కార్పెట్‌లోనే ఉన్నట్టు. నురగ ఎక్కువైతే మట్టం మోసం చేస్తుంది. అందుకే నురగ దిగేదాకా ఆగి, లోపల స్కేలు పెట్టి చూశాను. పైన చెప్పుకునే ఏ నంబరూ ఇంత నిజం చెప్పదు. ట్రిగ్గర్ వదిలేసి అదే చోట మరో రెండుసార్లు ఉత్తినే లాగితే ఎంత తేడా వస్తుందో కూడా అక్కడే కళ్లారా చూశాను. కార్పెట్ ఎక్కువసేపు తడిగా ఉంటే అడుగున ఉన్న మురికి పైకి ఎగబాకుతుంది. వెనకవైపు జనపనార ఉంటే గోధుమరంగు మరకలు తేలతాయి. ఆరడానికి ఎంత టైమ్ పడుతుందన్నది మెషిన్ ఎంత వేడి చేస్తుందన్న దానికంటే ఎంత బాగా లాగుతుందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

హోస్ మీద కూడా ఖర్చు పెట్టాను. ఒకటిన్నర అంగుళాల గొట్టానికీ రెండు అంగుళాల గొట్టానికీ తేడా అర అంగుళమే అనిపిస్తుంది కానీ, గాలి పోయే దారి దాదాపు ముప్పావు వంతు పెరుగుతుంది.

ఇక అసలు విషయం, నీళ్లు ఎక్కడివి? కస్టమర్ కుళాయి నీళ్లు వాడితే మోత బరువు తప్పుతుంది. కానీ ఒక్కో ఇంట్లో ఒక్కో రకం నీళ్లు. వెళ్లిన ప్రతిచోటా బకెట్ పెట్టి ధార చూశాను, హార్డ్‌నెస్ కిట్‌తో, అంటే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో చూసే కిట్‌తో, పరీక్ష చేశాను. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పోసి రంగు కలిపితే ముదురు గులాబీ రంగు వస్తుంది. ఆ తర్వాత ఒక్కో చుక్కా వేస్తూ, ఊపుతూ పోవాలి. అకస్మాత్తుగా నీలం అవుతుంది. అప్పటికి ఎన్ని చుక్కలు పడ్డాయన్నదే లెక్క. చుక్కల్ని బట్టి తేలే హార్డ్‌నెస్ (కాల్షియం కార్బొనేట్ లెక్కన) లీటరుకు 120 మిల్లీగ్రాములు దాటితే హార్డ్ వాటర్, 180 దాటితే మరీ హార్డ్. అలాంటి నీళ్లు హీటర్‌లోకి వెళితే, వేడికి కాల్షియం విడిపోయి లోపలంతా తెల్లటి గార పడుతుంది. జెట్ల రంధ్రాలు మూసుకుపోతాయి. వేసిన మందులో కొంత ఆ నీళ్లతో పోరాడటానికే ఖర్చయిపోతుంది. టీడీఎస్ మీటర్ చూసి నీళ్లు బాగున్నాయనుకునేవాళ్లు ఉన్నారు. అది మొత్తం కరిగిన లవణాల అంచనా చెబుతుందే తప్ప, వాటిలో కాల్షియం ఎంతో చెప్పదు.

అందుకే సొంత నీళ్లు మోసుకెళ్లాలని నిర్ణయించుకున్నాను. షెడ్‌లో సాఫ్ట్‌నర్ పెట్టించాను. లోపలున్న రెజిన్ కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని సోడియం వదులుతుంది. అది నిండిపోతే ఉప్పునీళ్లతో కడిగి మళ్లీ సిద్ధం చేయాలి. ఆ నీళ్లను అక్కడే వేడి చేసి, వ్యాన్‌లో ఇన్సులేషన్ ఉన్న 200 లీటర్ల ట్యాంకులోకి నింపుతాను. 200 లీటర్లంటే 200 కిలోలు, ట్యాంకు బరువు దానికి అదనం. వ్యాన్ ఎంత మోయగలదో చూసుకున్నాకే ట్యాంకు సైజు ఖాయం చేశాను. సగం నిండిన ట్యాంకు, బ్రేకు వేసిన ప్రతిసారీ ముందుకు తోస్తుంది. కాబట్టి లోపల అడ్డుపలకలున్నదే తీసుకుని, వ్యాన్ ఛాసిస్‌కి బోల్టులతో బిగించాను. అక్కడి నుంచి మెషిన్‌కి చిన్న పంపు, సన్నటి హోస్. ప్రతి 10 మీటర్ల ఎత్తుకీ సుమారు ఒక బార్ ప్రెషర్ పోతుంది కాబట్టి, పంపు ఎంచుకునేటప్పుడు ఎన్నో అంతస్తు దాకా ఎక్కించాలో ముందే చూసుకోవాలి.

రాత్రికి ట్యాంకు ఖాళీ చేసి ఆరబెడతాను. గోరువెచ్చటి నిల్వ నీళ్లలో, 20 నుంచి 45 డిగ్రీల మధ్య, లీజియోనెల్లా బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. మనం ఆ నీళ్లనే తుంపరలుగా చిమ్మి, ఆ గాలే పీలుస్తాం. దీన్ని చాదస్తం అనేవాళ్లను పట్టించుకోను.

ఒక్కోసారి నీళ్లు చాలక కస్టమర్ కుళాయి వాడక తప్పదు. అప్పుడు కొళాయి గొట్టం కొస మెషిన్ నీళ్లలో మునగకుండా, పైన జానెడు ఖాళీ ఉంచి పట్టుకుంటాను. మునిగి ఉన్నప్పుడు లైనులో ప్రెషర్ పడిపోతే, మన మందు కలిసిన నీళ్లు వెనక్కి వాళ్ల ఇంటి పైపుల్లోకి వెళ్లిపోగలవు. అలా వెనక్కి లాగకుండా ఆపే వాక్యూమ్ బ్రేకర్ కుళాయికి బిగించాకే గొట్టం తగిలిస్తాను. వాళ్లు తాగే నీళ్ల విషయంలో తొందరపడే హక్కు మనకు లేదు.

మురికి నీళ్లు వానకాలువలో పొయ్యను. వెంట్రుకలు, పోగులు జల్లెడలో పట్టి, మిగతావి టాయిలెట్ ద్వారా డ్రైనేజీలోకి వదులుతాను, అదీ ఇంటివాళ్లను అడిగాకే. అందుకే ఫోన్‌లో పని మాట్లాడేటప్పుడే ఎన్నో అంతస్తు, వ్యాన్ ఎంత దూరంలో ఆగుతుంది, కుళాయి ఎక్కడుంది, మురికి నీళ్లు ఎక్కడ పారబోయాలి అని అడిగి రాసుకుంటాను. రేటు చెప్పేది ఆ తర్వాతే.