మోసెల్ కొండల్లో ద్రాక్ష కోతలు

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉండే మా అక్కవాళ్లింటికి వెళ్తున్నానంటే అందరూ పారిస్ ఎప్పుడు చూస్తున్నావని అడిగారు. నేను మాత్రం అక్టోబర్‌లో వస్తున్నాను కాబట్టి ద్రాక్ష తోటలుండే మోసెల్ నది లోయకు తీసుకెళ్లమని బావకు ముందే చెప్పిపెట్టాను. దానికి కారణం మా మామయ్య. శామీర్‌పేట వైపు ఆయనకు అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్ష తోట ఉండేది. ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే మా ఆదివారాలన్నీ ఆ పందిళ్ల కిందే గడిచేవి. ఆ ఎండల్లో కాసే తీగ మంచు పడే దేశంలో ఎలా కాస్తుందా అని నాకు ఎప్పటినుంచో కుతూహలం.

కోబ్లెంజ్‌లో రైలు మారి నది వెంబడి వెళ్లాం. కోఖెమ్ దాటగానే రైలు 4 కిలోమీటర్లు దాటిన సొరంగంలోకి దూరింది. 1879 నుంచి రైళ్లు తిరుగుతున్న సొరంగం అది. బయటికొస్తే ఎడిగర్-ఎల్లర్ స్టేషన్. అక్కణ్నుంచి బ్రెమ్ ఊరి దాకా నది ఒడ్డునే లేచిన కొండ పేరు కాల్మొంట్. యూరప్‌లో అన్నిటికంటే నిటారుగా ఉండే ద్రాక్ష తోటల్లో ఇదొకటి, కొన్నిచోట్ల వాలు 60 డిగ్రీలు కూడా దాటుతుంది. కొండ మధ్యగా వెళ్లే కాలిబాటలో అక్కడక్కడా ఇనుప నిచ్చెనలు, పట్టుకోవడానికి ఉక్కు తాళ్లు ఉన్నాయి. "తోట చూడ్డానికి వచ్చామా, ట్రెక్కింగ్‌కి వచ్చామా?" అని బావ గొణుగుతూనే ఎక్కాడు.

ఇంత కష్టమైన చోట తోట ఎందుకు వేశారంటే, ఇక్కడైతేనే పండు పండుతుంది కాబట్టి. ఈ ప్రాంతం దాదాపు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు నడినెత్తికి రానే రాడు, వాలుగానే పడతాడు. దక్షిణానికి తిరిగిన నిటారు కొండ మీద ఆ ఎండ సూటిగా తగులుతుంది, కింద నది మరికొంత వెలుతురును పైకి కొడుతుంది. నేలంతా మట్టి కంటే పలకరాయి ముక్కలే ఎక్కువ. చిన్నప్పుడు బలపంతో రాసిన పలకలు ఈ జాతి రాయివే. ఒక ముక్క చేతిలోకి తీసుకుంటే, గాలి చల్లగా ఉన్నా రాయి వెచ్చగా ఉంది. పగలు తాగిన వేడిని రాత్రి మెల్లగా వదులుతుందట. ఈ లోయలో ద్రాక్షను రోమన్ల కాలం నుంచీ పండిస్తున్నారు. పీస్‌పోర్ట్ అనే ఊరి దగ్గర తవ్వకాల్లో వాళ్ల ద్రాక్ష గానుగ కూడా బయటపడింది.

నేను వెతికింది పందిరి. అది ఎక్కడా లేదు. ఒక్కో మొక్కకు ఒక్కో గుంజ పాతి, రెండు తీగల్ని వంచి దానికే కడతారు. మనకు ఎండ ఎక్కువ కాబట్టి గుత్తులకు నీడ కావాలి. వీళ్లకు ఒక్క ఆకు కూడా నీడలో ఉండకూడదు.

రుతువుల సంగతైతే పూర్తిగా తలకిందులు. హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్ష తీగకు నిద్ర లేదు, ఏడాదంతా పచ్చగానే ఉంటుంది. అందుకే మామయ్య ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి కత్తిరించేవాడు. మొదటిది కొత్త కొమ్మల కోసం, రెండోది కాయ కోసం. అంటే కాపు ఎప్పుడు రావాలో కత్తెరే చెప్పేది. ఇక్కడ ఆ పని చలి చేస్తుంది. నవంబర్‌కు ఆకు రాలుతుంది, నడి చలికాలంలో మోడుల్ని కత్తిరిస్తారు, ఏప్రిల్‌లో చిగురు, జూన్‌లో పూత. పూత తర్వాత సుమారు వంద రోజులకు కోత. వీళ్లు ఎక్కువగా వేసే రీస్లింగ్ రకం మరీ నిదానం, అన్నిటికంటే చివర్న పండుతుంది. ఒకప్పుడు కోతలు నవంబర్ దాకా సాగేవట, ఇప్పుడు ఎండలు ముదిరి ముందుకు జరిగాయి.

మేం వెళ్లిన తోటలో కోత జరుగుతోంది. పోలండ్, రుమేనియా నుంచి వచ్చిన కూలీలు చిన్న కత్తెరలతో గుత్తులు కోసి బకెట్లలో వేస్తున్నారు. బకెట్లు నిండితే వీపుకు తగిలించుకున్న పెద్ద తొట్టెలోకి, దాన్నుంచి పళ్ల చక్రంతో కొండెక్కే ఒంటి పట్టా బండిలోకి. యజమాని అరవై దాటిన మనిషి, నా చేతికీ ఒక కత్తెర ఇచ్చాడు. ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టి నిలబడాలి. పై వరుస మొక్క మొదలు నా మొహం ఎదురుగా ఉంది. కాసేపటికే పిక్కలు పట్టేశాయి.

ఒక గుత్తిలో కొన్ని కాయలు ముడుచుకుపోయి, ఊదారంగుకు తిరిగి, పైన బూడిద బూజు పట్టి ఉన్నాయి. మామయ్య తోటలోనైతే అలాంటిది కనిపిస్తే ఇంట్లో అన్నం సయించేది కాదు. నేను పారేయబోతుంటే పెద్దాయన ఆపి, ఒకటి తుంచి నోట్లో వేసుకుని, నాకూ ఒకటి ఇచ్చాడు. ముద్దకట్టిన తేనెలా ఉంది! బోట్రైటిస్ అనే ఆ బూజు పొడి వాతావరణంలో కాయలోని నీటిని లాగేసి తీపిని మిగులుస్తుందట. వాటిని వేరే బకెట్‌లో వేసి తియ్యటి వైన్ చేస్తారు. వానలు పట్టుకుంటే మాత్రం అదే బూజు పంటంతా కుళ్లబెడుతుంది.

పండిందో లేదో చూడ్డానికి ఆయన జేబులోంచి చిన్న గొట్టం తీశాడు. అద్దం మీద రెండు చుక్కల రసం పిండి, వెలుతురుకు ఎత్తి చూస్తే గీత దగ్గర అంకె కనిపిస్తుంది. లీటరు రసం లీటరు నీటికంటే ఎన్ని గ్రాములు బరువో చెప్పే ఆ కొలతకు ఫెర్డినాండ్ ఎక్స్‌లే పేరు పెట్టారు. ఆయన కంసాలి పని నేర్చినవాడు. నాకు 85 కనిపించింది. అంత తీపి ఉన్నా పులుపు పోలేదు. మన వేడికి కాయలోని పులుపు త్వరగా కరిగిపోతుంది, ఇక్కడి చల్లటి రాత్రులు దాన్ని నిలబెడతాయి. రీస్లింగ్‌కు పేరు తెచ్చింది ఆ పులుపే. నాకైతే తినడానికి అనాబ్-ఎ-షాహీయే బాగుంటుంది, ఆ మాట ఆయనతో అనలేదు.

సాయంత్రం వాళ్ల ఇంటి ముందరే బల్లలు వేశారు. గుమ్మానికి ఆకుల కట్ట వేలాడదీస్తే వైన్ ఉందని గుర్తు. సొంత వైన్‌నే, అదీ ఏడాదిలో నాలుగు నెలలకు మించకుండా ఇలా అమ్ముకోవచ్చు. ఇంకా పులుస్తూ ఉన్న కొత్త రసం, ఫెడర్‌వైసర్, గ్లాసులో తెల్లగా మసకగా బుడగలేస్తోంది. మూత బిగించి పెడితే సీసా పగులుతుంది. "పొద్దుటి ఈత కల్లే కదరా ఇది!" అన్నాడు బావ. నిజమే, తోడుగా ఇచ్చిన ఉల్లిపాయల రొట్టె బదులు కాస్త కారం ఉండి ఉంటే ఇంకా బాగుండేది.

పెద్దాయనకు భయమంతా ఏప్రిల్ మంచు గురించే. 2024 ఏప్రిల్‌లో చిగురు వచ్చాక ఒక్క రాత్రి చలికి మోసెల్‌లో చాలా తోటలు మాడిపోయాయి. కొండ మీద ముళ్లపొదలు కమ్మిన మడులు పొద్దున చూశాం. పిల్లలు ఊళ్లకెళ్లిపోయారు, ఆ వాలు మీద యంత్రం నడవదు. మామయ్య తోట ప్లాట్లయిపోయిందని చెబితే తలాడించి, "మా కొండను ప్లాట్లకు కూడా ఎవరూ కొనరు" అన్నాడు.

ఇంతా చెప్పి, పల్లంలో చలి నిలిచే మడిలో కొన్ని వరుసలు కోయకుండా వదిలేశానన్నాడు. వాటికి కవరు చుట్టాడు. పక్షులు, అడవి పందులు మిగిల్చి, చలి మైనస్ 7కు దిగితే తెల్లవారకముందే గడ్డకట్టిన కాయల్ని కోసి అలాగే పిండుతారు. నీళ్లు మంచుగా గానుగలోనే ఉండిపోతాయి, కారేది చిక్కటి రసమే. అదే ఐస్‌వైన్. 2019 పంటకైతే జర్మనీ మొత్తంలో ఎక్కడా అంత చలి రాక ఒక్క సీసా కూడా తయారుకాలేదు. రైతు మేనల్లుడిగా నాకిది పచ్చి జూదంలా కనిపించింది. బావ మాత్రం చలి పడితే ఒక సీసా తనకేనని అప్పటికప్పుడు ఫోన్ నంబర్ రాసిచ్చాడు.