కుక్కకి బీపీ ఏందమ్మా!

మా కుక్క బుజ్జి ఇప్పుడు బాగానే ఉంది కాబట్టి కాస్త నిదానంగా రాస్తున్నాను. అప్పుడే రాసుంటే ఆ డాక్టరు పేరు కూడా పెట్టేసేదాన్ని.

మాది కావలి. ఎండాకాలంలో దాని చెవుల సందున గోమార్లు, అదే రక్తం తాగే పిడుదులు, పట్టాయి. జ్వరం వచ్చింది, తిండి మానేసింది, మూత్రం కాఫీ రంగులో పోసింది. రక్తం చూసి బెబీసియా అన్నారు. గోమార్ల వల్ల ఎక్కే పరాన్నజీవి, ఎర్ర రక్తకణాల్లో దూరి వాటిని పగలగొడుతుందట. ఇంజెక్షన్లతో లేచి తిరిగింది.

ఆ తర్వాత నీళ్లు తెగ తాగడం మొదలుపెట్టింది. రాత్రిళ్లు బయటికి పోవాలని ఒకటే తలుపు గీకుడు. మళ్లీ అదే క్లినిక్‌కి వెళ్లి ‘కిడ్నీలు, బీపీ చూస్తారా సార్’ అని అడిగాను. నాకు బీపీ ఉంది, అందుకే ఆ మాట నోటికొచ్చింది. ఆయన నవ్వాడు. ‘కుక్కకి బీపీ ఏందమ్మా, దానికేమన్నా ఈఎంఐలున్నాయా?’ కాంపౌండరు నవ్వాడు, మా ఆయనా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

ఆ వారంలోనే ఒక రాత్రి బుజ్జి మంచం కోడుకి గుద్దుకుంది. కరెంటు లేదు, చీకట్లో తగిలిందిలే అనుకున్నాం. కరెంటు వచ్చాక కూడా గోడకి కొట్టుకుంటూనే ఉంది. కళ్లలోకి టార్చి వేస్తే రెప్ప వేయలేదు, పాపలు ముడుచుకోలేదు. ‘బుజ్జీ’ అని పిలిచాను. గోడ వైపు తిరిగి నిలబడి, ఆ గోడకే తోక ఊపింది. మా ఆయన తెల్లారేదాకా దాన్ని ఒళ్లో పెట్టుకుని ‘ఆయనతో పాటు నేనూ నవ్వితిని గదే’ అంటూనే ఉన్నాడు. నేనేం ఓదార్చలేదు.

పొద్దున్నే నెల్లూరు. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది. ముందు కాలికి పట్టీ చుట్టి, భయానికి పెరుగుతుందని మొదటి రీడింగ్ వదిలేసి మళ్లీ మళ్లీ చూసింది. పై అంకె 200 దాటింది. కుక్కలకి 160 దాటితే బీపీ ఉన్నట్టు, 180 దాటితే కళ్లు, మెదడు, గుండె, కిడ్నీలకి ముప్పు. బెబీసియా పోతూ పోతూ కిడ్నీ జల్లెడను పాడుచేసి ఉంటుందనీ, అది బీపీని పెంచితే బీపీ తిరిగి కిడ్నీనే తింటోందనీ, కంటి వెనక పొర ఊడిందనీ చెప్పింది. కిడ్నీ పనితీరుకి రక్తంలో చూసే క్రియాటినిన్ పెరిగే సరికే కిడ్నీ పనిలో దాదాపు ముప్పాతిక వంతు పోతుందట. మూత్రంలో ప్రోటీన్ చూసుంటే ముందే తెలిసేదట. మూత్రం పరీక్ష! దానికెంత ఖర్చవుతుంది? నవ్వినంత సేపు పట్టేది కాదు.

అమ్లోడిపిన్ అని బీపీ మాత్ర రాసింది. నేను రోజూ మింగేదే. అలాగని మీ మాత్ర తుంచి వేసేయకండి, డోసు దాని బరువును బట్టి ఉంటుంది. కిడ్నీ తిండి వేరే, దానికి అలవాటు పడేదాకా గిన్నె తన్నేసేది. ఒక కంటికి చూపు కొంత వచ్చింది. ఆ డాక్టరమ్మ చల్లగా ఉండాలి. గోమార్ల మందు మాత్రం ఏ నెలా మానకండి, జ్వరం తగ్గాక కూడా మూత్రం పరీక్ష అడిగి చేయించండి.

మొహర్రంకి నెల్లూరు రొట్టెల పండగలో, బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె పట్టాను. ఇచ్చినావిడ ‘ఎవరికమ్మా?’ అంటే ‘మా బుజ్జికి’ అన్నాను, కుక్కని చెప్పలేదు. మా ఆయనేమో అంతా మాత్ర మహిమే అంటాడు. అననీ. కోరిక తీరింది కాబట్టి వచ్చే ఏడు రొట్టె వదలాలి, కారు తీయాల్సింది ఆయనే.